సర్వి కాదవ్వా, జపాను చెట్టు

2009 ఉగాదికి ఊరికి వచ్చేటప్పుడు ఒళ్లో ఒక మొక్క పెట్టుకుని వచ్చాను. బెంగళూరులో బస్సెక్కి, పావగడ మీదుగా కంబదూరు దాకా దాన్ని కింద పెట్టలేదు. కండక్టరు దానికి అర టికెట్టు కొట్టనా అని ఎగతాళి చేశాడు. రెండడుగుల మొక్క. ఆకులు మన గన్నేరాకులకు చిన్న తమ్ముళ్లలా సన్నగా, పొడుగ్గా, ముదురు పచ్చగా ఉంటాయి. నర్సరీలో దాన్ని పోడోకార్పస్ అంటారు. ఇంటికి చేరేసరికి మా అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని శెనక్కాయలు వలుస్తా ఉంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమిరా అది, సర్వి మొక్కనా?"

"సర్వి కాదవ్వా, జపాను చెట్టు."

"జపానోళ్లకి మన ఎండలు తెలుసునా?"

నా దగ్గర జవాబు లేదు. మొక్కను జాలాడి పక్కన దించి ఓళిగలు తినడానికి కూర్చున్నాను. అయితే ఆ మాట నన్ను వదల్లేదు. ఏ చెట్టు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు ఎందుకు ఎంచుకున్నారు అని అప్పట్నుంచీ తవ్వుతూనే ఉన్నాను. పుస్తకాల్లో కొంత దొరికింది, చేతులకు మట్టి అంటితే కొంత తెలిసింది.

నేను తోట మేస్త్రీని. కంబదూరు, కళ్యాణదుర్గం పక్కల నుంచి బెంగళూరు పోయేవాళ్లలో చాలామంది కట్టడం పనికి పోతారు. కట్టడం అయ్యాక, మిగిలిన సిమెంటూ ఇటుక ముక్కలూ ఎత్తేసి మన్ను పోసే చోట నా పని మొదలవుతుంది. ఆ ఏడు నగరం శివార్లలో ఒక అపార్టుమెంటు వాళ్లు జపనీస్ గార్డెన్ కావాలన్నారు. రంగు ఫోటోలు నాలుగు చేతిలో పెట్టి, "మేస్త్రీ, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి. ఆకు రాలకూడదు. ఊడ్చేవాళ్లు దొరకడం లేదు" అన్నారు. ఆకు రాలని చెట్టంటూ ఈ భూమ్మీద లేదు. రాలే ఆకూ వచ్చే ఆకూ ఒకదాని వెనక ఒకటి కాబట్టి మనకు పచ్చగా కనబడుతుంది, అంతే. ఆ మాట వాళ్లతో అనలేదు. ఫోటోలు తీసుకుని చెట్ల కోసం బయల్దేరాను.

అవ్వ సర్వి అనుకోవడంలో తప్పేమీ లేదు. దూరం నుంచి చూస్తే పైన్ చెట్టుకూ సర్వికీ తేడా చెప్పడం కష్టం. కోస్తా వాళ్లు సరుగుడు అనేది దీన్నే. సూదుల్లాంటి ఆకులు, చిన్న శంకుల్లాంటి కాయలు, గాలికి ఊళ వేసే గొంతు, అన్నీ పైన్‌కు ఉన్నట్టే ఉంటాయి. ఒక సూదిని తుంచి చూడండి. వెదురు కణుపుల్లా టక్కున విడిపోతుంది. అది ఆకు కానే కాదు, సన్నటి కొమ్మ. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర చుట్టూ పొలుసుల్లా, కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. సర్వి పూలు పూసే జాతి. సూదాకుల చెట్ల కులంలో దానికి చోటు లేదు. వేళ్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది కాబట్టి ఉత్త ఇసుకలో కూడా బతుకుతుంది.

సర్వి మనదీ కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా సముద్రతీరాల చెట్టు. రైళ్లు వచ్చిన కొత్తలో, అంటే 1860ల్లో, మద్రాసు రాజధానిలో ఇంజన్లకు బొగ్గు చాలక కట్టెలు కాల్చేవాళ్లు. చుట్టుపక్కల అడవులు కరిగిపోతుంటే త్వరగా పెరిగే కట్టె కోసం వెతికి, తీరం వెంబడి సర్వి తోపులు వేయించారు. పడమటి తీరంలో కార్వార్ దగ్గర కూడా ఆ దశాబ్దంలోనే నాటారు. అట్లా ఇంజను పొయ్యిలోకని వచ్చిన చెట్టు మా వైపుకు వచ్చేసరికి పందిరి గుంజ అయింది, కట్టడం కింద సారువ కట్టె అయింది. మా ఊరివాళ్లు బెంగళూరులో ఏ కట్టె మీద నిలబడి గోడలకు పూత పూశారో ఆ కట్టె పేరుతోనే అవ్వ నా జపాను మొక్కను పిలిచింది.

నిజమైన సూదాకు చెట్లు మా నేలకు పరాయివి. దక్షిణాది మొత్తం గాలించినా తనంత తానుగా మొలిచేది పడమటి కనుమల తడి అడవుల్లో ఒకే ఒక్క జాతి. అది నా పోడోకార్పస్‌కు చుట్టమే. మిగిలినవన్నీ ఎవరో ఒకరు తెచ్చి నాటినవే. వాటిని చూడాలంటే మా పనివాళ్లం లాల్‌బాగ్‌కు పోతాం.

ఆ లాల్‌బాగ్‌కు విత్తనం మా ఊరి దిక్కు నుంచే పోయిందంటే చాలామంది నమ్మరు. మాకు దక్షిణంగా పావగడ, అది దాటి ఇంకా పోతే సిరా. మొగలుల కాలంలో సిరా ఒక సుబాకు ముఖ్యపట్టణం. అక్కడ దిలావర్ ఖాన్ వేయించిన ఖాన్ బాగ్ అనే తోటను చూసి ముచ్చటపడి హైదర్ అలీ 1760లో బెంగళూరులో లాల్‌బాగ్ మొదలుపెట్టాడు. వానలు మొహం చాటేసే మెట్ట మీద, చెరువు నీళ్లతో కట్టిన తోట ఇంకో రాజధానికి నమూనా అయింది. 1856లో అది సర్కారు వృక్షశాస్త్ర తోట అయ్యాక, విలియం న్యూ, ఆ తర్వాత 1874 నుంచి జాన్ కామెరాన్ లాంటి తోట పెద్దలు ప్రపంచం నలుమూలల నుంచి మొక్కలు తెప్పించి అక్కడ అలవాటు చేశారు. అరకేరియాలు అట్లా వచ్చినవే. మా పనివాళ్లు వాటిని క్రిస్మస్ చెట్లు అంటారు. వాటిలో కుక్ పైన్ అనే జాతిని 1774లో న్యూ కాలెడోనియా దీవుల దగ్గర కెప్టెన్ కుక్ ఓడవాళ్లు చూశారు. దూరం నుంచి అవి చెట్లో రాతి స్తంభాలో తేల్చుకోలేకపోయారట. ఆ చెట్టుకు ఒక వింత అలవాటుంది. ఏ దేశంలో నాటినా భూమధ్యరేఖ వైపు వంగి పెరుగుతుంది. 2017లో శాస్త్రవేత్తలు కొలతలు తీసి ఈ సంగతి బయటపెట్టారు. మన దేశంలో దక్షిణానికి వాలాలి, ఆస్ట్రేలియాలో ఉత్తరానికి వాలాలి. ఊరు విడిచి వచ్చిన వాడు ఒక దిక్కుకే చూస్తుంటాడని మాలో ఒక నానుడిలాంటి ఎగతాళి ఉంది. ఆ చెట్టు సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

కుక్ పైన్ జపాను తోటకు పనికిరాదు. జపాను వాళ్లకు నిటారుగా పెరిగే స్తంభం అక్కర్లేదు, గాలికి వంగి వంగి ముసలిదైనట్టు కనబడే చెట్టు కావాలి. అక్కడ తోటల మీద దొరికే పుస్తకాల్లో బాగా పాతది 'సకుతెయికి'. పదకొండో శతాబ్దంలో తచిబన నో తొషిత్సునా అనే దొర రాశాడంటారు. రాళ్లు ఎట్లా నిలపాలి, నీళ్లు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పారాలి, చెట్లు ఎక్కడుండాలి అని అందులో ఉంటుంది. ఆ సంప్రదాయంలో సూదాకు చెట్లలో పెద్దపీట రెండు పైన్‌లది. ఒకటి కురోమత్సు, అంటే నల్ల పైన్. సముద్రపు ఉప్పుగాలి తిని పెరిగేది, బెరడు మొరటు, సూదులు గుచ్చుకుంటాయి, అందుకే దాన్ని మగ పైన్ అంటారు. ఇంకోటి అకమత్సు, ఎర్ర పైన్. కొండల చెట్టు, సూదులు మెత్తన, దాన్ని ఆడ పైన్ అంటారు. మత్సు అన్న మాటకు వాళ్ల భాషలో ఎదురుచూడటం అని కూడా అర్థం వస్తుంది. కొత్త సంవత్సరానికి మనం గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు వాళ్లు పైన్ కొమ్మలూ వెదురూ కలిపి వాకిలికి ఇరుపక్కలా పెడతారు. తర్వాత ఒక ఉగాది నాడు మా అవ్వకు ఈ సంగతి చెబితే, "అయితే ఆ మొక్కకు పసుపు కుంకం పెట్టు" అంది.

ఆ రెండింటి తర్వాత వచ్చేది మాకి. నా ఒళ్లో కూర్చుని వచ్చింది అదే, మేం పోడోకార్పస్ అనేది. వాళ్లు దాన్ని ఇనుమాకి అంటారు. ఇను అంటే కుక్క. మన దగ్గర అడవి తులసిని కుక్క తులసి అన్నట్టు, అసలు మాకి కంటే తక్కువరకం అని పెట్టిన పేరు. పేరు తక్కువదైనా పని పెద్దది. పైన్ గానీ మాకి గానీ వీధి వాకిలి పక్కన నాటి, ఒక కొమ్మను ఏళ్ల తరబడి వంచి గుమ్మం మీదుగా పందిరిలా పాకిస్తారు. ఇంటికొచ్చేవాడు ఆ కొమ్మ కింద నుంచి రావాలి.

ఈ చెట్లకు చేసే చాకిరీ తెలిస్తే అపార్టుమెంటు వాళ్లు అసలు ఫోటోలే తీసేవాళ్లు కారు. వసంతంలో పైన్ కొసల మీద కొవ్వొత్తుల్లా లేత మొలకలు లేస్తాయి. వాటిని ఒక్కొక్కటీ వేళ్లతో సగానికి గిల్లాలి. కత్తెర పెడితే కొస గోధుమరంగుకు తిరుగుతుంది. శరత్తు దాటాక పాత సూదుల్ని కొమ్మ కొమ్మనా చేత్తో దూయాలి. అప్పుడే వెలుతురు లోపలికి పోతుంది, కొమ్మలు పలకలు పలకలుగా మబ్బుల్లా నిలుస్తాయి. ఊడ్చే మనిషి దొరక్క ఆకు రాలని చెట్టు అడిగిన వాళ్లకు, ఆకుల్ని చేత్తో పీకే మనిషి కావాలని నేను ఏ మొహంతో చెప్పను?

చెప్పకుండానే నాటాను. నల్ల పైన్‌లు మూడు, జునిపెర్‌లు ఆరు, థూజాలు వరుసగా ఇరవై, పోడోకార్పస్‌లు నాలుగు. మొక్కలు కొన్ని లాల్‌బాగ్ చుట్టుపక్కల నర్సరీల్లో కొన్నాం, కొన్ని లారీ మీద కడియం నుంచి వచ్చాయి. గోదావరి జిల్లా వాళ్ల చేతిలో ఏ దేశపు మొక్కయినా కవరులో వేళ్లూనుతుంది. నల్ల పైన్‌లే మొదట పోయాయి. చలికాలమనే నిద్ర లేకపోతే వాటికి ఊపిరాడదు. ఏడాదంతా మేలుకుని నీరసపడ్డాయి. పైగా గడ్డి కోసం పెట్టిన స్ప్రింక్లరు రోజూ వాటి మొదట్లో నీళ్లు కొట్టింది. రెండో ఏటికి సూదులు కొస నుంచి ఎర్రబారాయి. ఒకదాన్ని పీకి చూస్తే వేళ్లు మెత్తగా, కుళ్లిన వెల్లుల్లి పొట్టులా చేతికొచ్చాయి. ఆ తప్పు నాదే. పైన్‌కు కింద గులకా ఇసుకా పోసి మిట్టగా నాటాలని తెలిసీ, నేల చదునుగా కనబడాలన్నారని చదునుగానే నాటాను. జునిపెర్‌లు సగం నిలిచాయి. థూజాలు బయట పచ్చగా ఉండి లోపల ఎండిపోయాయి. దులిపితే బుట్టెడు పొడి రాలేది. పోడోకార్పస్‌లు మాత్రం నాలుగూ బతికాయి. ఏడాదికి నాలుగు వేళ్ల ఎత్తు పెరుగుతూ, ఎవరినీ ఏమీ అడక్కుండా నిలబడ్డాయి.

ఆ పైన్‌లు పోయాకే నాకు ఒక సంగతి బోధపడింది. జపాను వాళ్లు ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టును కోరుకున్నది చలికాలాన్ని చూసి. మంచు కురిసి చుట్టూ ఉన్నదంతా బోడి కొమ్మలైనప్పుడు పచ్చదనం నిలబెట్టడానికి. కనజవా పట్టణంలో కెన్‌రొకుయెన్ అనే తోట ఉంది. ఏటా నవంబరు 1న అక్కడ పైన్ చెట్ల మధ్యలో పొడుగాటి గుంజలు నిలిపి, గుంజ కొస నుంచి ప్రతి కొమ్మకూ తాడు కడతారు. తడి మంచు బరువుకు కొమ్మలు విరగకుండా. ఒక్క కరసాకి పైన్‌కే వందల తాళ్లు. దూరం నుంచి చూస్తే చెట్టుకు గొడుగు పట్టినట్టుంటుంది.

మాకు చెట్లు బోడి అయ్యేది మాఘం దాటాక. ఆపైన చైత్ర వైశాఖాల్లో నేల పెనం అవుతుంది. అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు, దక్షిణాదిలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటి. కాబట్టి ఇక్కడ ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టంటే మే నెలలో నీడనిచ్చేది. మా పెద్దలు ఆ పరీక్ష పెట్టే చెట్లను ఎంచారు. బావి గడ్డన కానుగ. అది ఆకు రాల్చేది శివరాత్రి పక్కల నాలుగు వారాలే. ఉగాదికల్లా నూనె రాసినట్టు మెరిసే లేతాకుతో నిలబడుతుంది. కపిలె తోలే ఎద్దులకు దాని నీడ, వరిమడికి దాని ఆకు, దీపానికి దాని గింజల నూనె. చెరువు కట్ట కింద చింత. ఊరి నడుమ కట్ట కట్టి రావికీ వేపకూ పెళ్లి చేసి, మొదట్లో నాగుల రాళ్లు నిలిపారు. వాటితో పాటు మర్రి. గుట్టల మీద ఎవరూ నాటకుండా నిలిచేది బందారు. దాని ఆకు జిగురుగా, చేదుగా ఉంటుంది కాబట్టి మేకలు కూడా ముట్టవు.

ఎంపికలో పుణ్యం లెక్క కూడా ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం చెరువు ఎట్లా కట్టాలో రాసిపెట్టిందని ఇంజనీర్లు కూడా మెచ్చుకుంటారు. చెరువును సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టిన కాలం అది. కొడుకు, నిధి, గుడి, కావ్యం, అగ్రహారం, చెరువు, వనం. మనిషి పోయినా మిగిలే ఈ ఏడింటిలో తోటకూ వాటా ఉంది. మా వైపు నొళంబులు హేమావతి నుంచి ఏలినప్పటి గుళ్లు కట్టిన చోట చెరువూ తోపూ కలిసే కనబడతాయి. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం రోడ్ల వెంట వేప, చింత, కానుగ నాటించింది. 1876-78ల ధాత కరువులో కూలికి పోయిన జనం వేసిన రోడ్లు ఈ చెట్ల నీడనే బండ్లు నడిపాయి. చింతచెట్ల కాపును పంచాయతీ వేలం వేసేది. నా చిన్నప్పుడు ఆ వేలం నాడు ఊళ్లో తిరణాల. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లు పోయాయి, వేలం పోయింది.

కెన్‌రొకుయెన్ తాళ్లకు సరిసాటి అయినది మా పక్కన ఒకటి ఉంది. కదిరికి పాతిక కిలోమీటర్లలో గూటిబైలు దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. 1434లో తిమ్మమ్మ సహగమనం చేసిన చోట చితి కొయ్య మొలిచి మాను అయిందని ఊరివాళ్లు చెబుతారు. కొమ్మల విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అక్కడి అటవీశాఖ పనివాళ్లు లేత ఊడలను వెదురు బొంగుల్లోకి దూర్చి, బొంగులో మన్నూ ఎరువూ నింపి, ఊడ నేల తాకేదాకా కాపాడతారు. లేకపోతే కొస గాలికి ఎండిపోతుంది. కనజవాలో కొమ్మను పైకి కట్టి మంచు నుంచి కాస్తే, గూటిబైలులో ఊడను కిందికి దించి ఎండ నుంచి కాస్తున్నారు. రెండు చోట్లా పనివాడి చెయ్యి ఒకటే. నేను రెండో దాన్ని మాత్రమే కళ్లారా చూశాను. అక్కడి మనిషి బొంగు పట్టుకున్న తీరు, పసిబిడ్డ నోటికి గిన్నె పెట్టినట్టుంది.

జపాను వాళ్లకు మన చెట్టు ఒకటి బాగా తెలుసు. శేషాచలం ఎర్రచందనాన్ని వాళ్లు కోకి అంటారు. షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి మెడ చెయ్యడానికి అదే మేలైన కట్టె. మన నేలలో ఆకు రాల్చే చెట్టు అక్కడ పాట అయింది.

మా ఇంట్లో కూడా ఎప్పుడూ పచ్చగా ఉండే తోట ఒకటి ఉండేది. శెనక్కాయ వరసగా పోతుంటే మా నాయన రెండెకరాల్లో చీనీ పెట్టాడు. చీనీకి సెలవు లేదు, ఏడాదంతా ఆకు, ఏడాదంతా దాహం. మొదటి బోరు ఎండింది. ఇంకా లోతుకు రెండోది వేశాం. అప్పు చేసి మూడోది వేస్తే దుమ్ము మాత్రం వచ్చింది. ట్యాంకరుతో ఒక వేసవి నెట్టుకొచ్చాడు. మరుసటి వేసవికి ఆకులు ముడుచుకుని, కాయ పిందెలోనే నల్లబడి, చెట్లు నిలువునా ఎండాయి. కట్టెలకు కొట్టించిన రోజు నాయన అక్కడికి రాలేదు. నేను గొడ్డలి పట్టిన వాళ్లకు కూలి ఇచ్చి, మొద్దులు లెక్కపెట్టి ట్రాక్టరు ఎక్కించాను. ఆ తర్వాతే బెంగళూరు బస్సెక్కింది. పచ్చగా ఉండే చెట్టు ఎవరి నీళ్లు తాగి పచ్చగా ఉందో చూడాలన్న సంగతి నాకు ఆ లెక్కలో తెలిసింది.

అందుకే ఇప్పుడెవరైనా జపనీస్ గార్డెన్ అంటే ముందు నీళ్లెక్కడివని అడుగుతాను. తక్కువని చెబితే ర్యోఅన్‌జి గుడి సంగతి చెబుతాను. క్యోటోలో ఆ గుడి ముంగిట పదిహేను రాళ్లు, తెల్ల గులక, రాళ్ల మొదట్లో నాచు ఉంటాయి. గులకలో దంతెతో గీసిన గీతలే నీళ్లు. ఎక్కడ కూర్చున్నా ఒక రాయి కనబడదు. చెట్టు ఒక్కటీ లేదు. వాళ్లకది ఎండు కొండా ఎండు నీళ్లూ తోట. మాకు పెన్నా ఏట్లో ఎనిమిది నెలలు అదే కనబడుతుంది. ఇసుక, బండలు, ఇసుకలో గాలి గీసిన గీతలు. ఒక కానుగనో బందారునో పక్కన నిలిపి, కొమ్మల్ని వేళ్లతో గిల్లి పలకలుగా తీర్చితే చాలదా అంటాను. ఇద్దరు ఒప్పుకున్నారు. ఎక్కువమంది థూజానే అడుగుతారు. నేను థూజానే నాటుతాను, పొట్టకూటి పని కదా.

అవ్వ పోయి ఆరేళ్లు. జాలాడి పక్కన నేను దించిన మొక్క ఇంకా ఉంది. గిన్నెలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు తాగి తలుపు ఎత్తు దాటింది. దానికని ఎవరూ ఒక్క చెంబెడు నీళ్లు వేరేగా పోసింది లేదు. పోయిన ఉగాదికి వెళ్లినప్పుడు ఒక కొమ్మ గుమ్మం వైపు తిరిగి ఉంది. కొబ్బరి తాడు తెచ్చి, వాకిలి స్తంభానికి మెల్లగా వంచి కట్టాను. మా అమ్మ చూసి, "అది అవ్వ సర్వి మాను, విరిచేవు" అంది. ఇంట్లో దాని పేరు అదే. మార్చే ప్రయత్నం నేనూ మానుకున్నాను.